ముడుపు సొమ్ము

మన తెలుగుదేశమున ముడుపు అను మాట యెఱుగని యిల్లాలు లేదు. బిడ్డకు జ్వరము తగిలినను, వాన వెనుదీసినను, కోడలికి నెలలు నిండినను పసుపుగుడ్డలో నొక రూకను ముడివైచి దేవుని గూటిలో నుంచుట మన పెద్దలనాటినుండి వచ్చుచున్న యాచారము. ఆ రూక యిల్లాలి సొమ్మే యైనను, ముడి పడిన క్షణమునుండి ఆమెది కాదు. ఇంట ఉప్పు నిండుకొన్నను దానిని విప్పరాదు. తిరుపతికని కట్టినది ఉరుకుంద ఈరన్నకు చెల్లింపరాదు. దానమునకు చేయి చాలును; ముడుపునకు మాట గూడ కావలెను.

కతోలిక క్రైస్తవుల దేవాలయములలో ఏడాది పొడవున జరుగు ప్రత్యేకపు కానుకలును ఇట్టి ముడుపులే యని మా తలంపు. ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను మాకు పరిచితలైన హిందూ సోదరీమణులు వీనిగూర్చి మమ్ము తఱచుగా నడుగుచుందురు. క్రైస్తవ సోదరీమణులలో సైతము, సంచి ముందునకు వచ్చినపుడు చేతికందినది వేయుటయే కాని, ఆ దినపు సంచి దేనికొఱకని తెలిసినవారు కొలదిమంది. కావున మేమెఱిగినంత యిచ్చట వ్రాయుచున్నాము.

విచారణ యనగా ఒక గురువు పాలనలోనుండు విశ్వాసుల సముదాయము. ప్రతి యాదివారమును పూజలో పట్టు కానుక సాధారణముగా ఆ విచారణ ఖర్చులకే చెల్లును. ఏటికి కొన్ని దినములలో మాత్రము, ఆనాటి కానుక ఫలాన కార్యమునకని ముందుగా చాటి పట్టుదురు. అది విచారణలో నిలువక మేత్రాసన కార్యాలయమునకు, అచ్చటినుండి ఉద్దేశింపబడిన చోటికి పోవును. మా కర్నూలు మేత్రాసనము 1967లో నెల్లూరు మేత్రాసనమునుండి వేఱుపడి యేర్పడినది. నాటినుండి ఆదోని ప్రాంతపు సంచులు కర్నూలు మీదుగా లోకమునకు పోవుచున్నవి. లోకపు సంచులు కర్నూలు మీదుగా మాయొద్దకును వచ్చుచున్నవి.

ఈ యాచారము నిన్న మొన్నటిది కాదు. యెరూషలేములోని పేద విశ్వాసులకొఱకు పునీత పౌలు గ్రీకు పట్టణములలో కానుకలు గూర్చెను. వారము మొదటి దినమున ఎవరి శక్తికొలది వారు తీసి యుంచుకొనవలెనని కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖ తుదిని ఆయన విధించియున్నాడు. ఇంట తీసి యుంచుట యనగా అది యిల్లాలి పనియే గదా! క్రీ.శ. 155 ప్రాంతమున రోములో పునీత జస్టిను వ్రాసిన గ్రంథమున, ఆదివారపు కానుక సభాధ్యక్షునియొద్ద నుంచుదురనియు, ఆయన దానితో అనాథలను, విధవరాండ్రను, రోగులను, చెఱలో నున్నవారిని, పరదేశులను పోషించుననియు నున్నది.

ఇక ఏటి వరుస చెప్పెదము. మొదటిది తపఃకాలపు కానుక. విభూతి బుధవారము మొదలు పాస్కా పండుగవఱకు క్రైస్తవుల యిండ్లలో ఒక్కప్రొద్దులుందురు. ఒక్కప్రొద్దున మిగిలిన యన్నము ఎవరిది? రెండవ శతాబ్దమునాటి హెర్మాసు గ్రంథము దీనికి స్పష్టముగా సమాధానము చెప్పినది. ఉపవసించువాడు ఆ దినము తాను తినియుండు దానికి వెలకట్టి, ఆ సొమ్ము విధవకో, అనాథకో, లేనివానికో యీయవలెనట. అట్లు చేయని యుపవాసమువలన లాభము కొట్టుగదికే కాని ఆత్మకు కాదని మాకు తోచును. 1962లో స్థాపింపబడిన కారితాస్ ఇండియా యను సంస్థ తపఃకాలమున ఆకలిని, రోగమును ఎదుర్కొనుటకై దేశమంతట ఈ కానుకను గూర్చుచున్నది. పిల్లలకు చిన్న అట్టడబ్బాలిచ్చి, మిఠాయి మానిన పైసలు వానిలో వేయుమందురు.

రెండవది శ్రమల శుక్రవారపు కానుక. ఇది క్రీస్తుప్రభువు నడచిన పుణ్యభూమికి పోవును. 1887లో పదుమూడవ లియో జగద్గురువులు దీనిని లోకమందలి విచారణల కెల్ల విధించిరి. 1974లో ఆఱవ పౌలు జగద్గురువులు మరల దృఢపఱచిరి. పుణ్యస్థలములను కాపాడు ఫ్రాన్సిస్కను సన్యాసులు ఆ దేశమున 1217నుండి యున్నారు. గుళ్ల మరమ్మతులే గాక పాఠశాలలును, ఇల్లులేనివారి యిండ్లును ఈ సొమ్ముతో నడచును.

మూడవది జూను 29న వచ్చు పునీత పేతురు పౌలుల పండుగకు చేరువనుండు ఆదివారమున పట్టు పేతురు కాసు. జగద్గురువులు చేయు దానధర్మములకును, వారి పాలనకార్యములకును ఇది వినియోగమగును. ఎనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో పొయ్యికొక పెన్నీ చొప్పున ఇది మొదలయ్యెనందురు. 1534లో ఎనిమిదవ హెన్రీ రాజు దీనిని నిలిపివైచెను. పందొమ్మిదవ శతాబ్దమున మరల తలయెత్తగా, 1871లో తొమ్మిదవ పయస్ జగద్గురువులు దీనికి స్థిరరూప మిచ్చిరి. ఏటేట ఈ దినమున మా వారు, "పోపుల డబ్బాలోని పైకము పోపుగారికే చెల్లవలెను గదా" యని పరిహాసమాడుచుందురు. పొయ్యికొక పెన్నీ యన్న లెక్కను బట్టి చూడగా ఆ పరిహాసమున నిజమే యున్నది. పొయ్యి కావలి యిల్లాలిదే.

నాలుగవది అక్టోబరు నెలలో కడపటికి ముందు వచ్చు వేదవ్యాపక ఆదివారము. దీనిని 1926లో పదునొకండవ పయస్ జగద్గురువులు ఏర్పఱచిరి. ఐదవది నవంబరులోని పేదల దినము. 2017లో ఫ్రాన్సిస్ జగద్గురువులు ఆరంభించినది. ఇవిగాక మేత్రాసనము కరువునకో వఱదకో అప్పటికప్పుడు ప్రకటించు కానుకలును గలవు.

సోదరీమణులు గమనింపవలసిన విశేషమొకటి యున్నది. వేదవ్యాపక కానుకకు మూలము ఏ మేత్రాణులును గారు, ఒక కన్య. ఫ్రాన్సు దేశపు లియోను పట్టణమున 1799లో పుట్టిన పౌలీను జారికో పట్టువర్తకుని కూతురు. పట్టుపని చేయు బీదపిల్లలను పదుగురేసి జట్లుగా గూర్చి, మనిషికి వారమున కొక సూ చొప్పున వసూలు చేయించెను. సూ యనగా మన పాత దమ్మిడీవంటి చిన్న నాణెము. పదుగురికొకతె, పది జట్ల కొకతె, వేయిమందికొకతె పెద్ద. ఈ యేర్పాటునుండియే 1822 మే 3న వేదవ్యాపక సంఘము పుట్టి, నూఱేండ్లకు 1922లో జగద్గురువుల స్వంత సంఘమైనది. 1843లో ఫోర్బెన్ జాన్సన్ మేత్రాణులు పిల్లలకొఱకు పిల్లలే నెలకొక చిన్నకాసు ఇచ్చు సంఘమును స్థాపించినపుడును పౌలీను సలహా గైకొనిరి. ఆయా దేశముల కుఱ్ఱవాండ్రనే గురువులుగా చదివించుటకైన సంఘమును 1889లో కాఁ అను ఊర స్టెఫానీ బిగార్డు అను తల్లియు, జాన్ అను ఆమె కూతురును ఆరంభించిరి. కర్నూలు మేత్రాణులుగా 2008నుండి 2020వఱకు నుండిన పూల ఆంథోని గారు 2022లో తెలుగువారిలో మొదటి కార్డినల్ అయిరి. దేశీయ గురువులు కావలెనని కొన్ని తరములకు ముందు తల్లీకూతుండ్రు కన్న కల యిన్నాళ్లకు మన ముంగిటను ఫలించినదని మేము సంతోషించితిమి.

పట్టుపనివారి చిన్నకాసులతో పుట్టిన ఈ కథ ఎమ్మిగనూరువారికి వింతగా దోపదు. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో నేతగాండ్ర సహకార సంఘము ఏర్పడిన ఊరది. ఒక్కొక్క మగ్గము చిన్నదియే. పదింటిని గూర్చినపుడు పుట్టు బలము ఆ యూరివారెఱుగుదురు.

ఇంతవఱకు చదివిన సోదరి, "అంతయు బాగుగనే యున్నది. మన పడమటి కర్నూలు సీమలో కరువు లేని యేడు అరుదు. ఇంటిలో ఈగల మోత పెట్టుకొని బయట పల్లకీల మోత యేల? ఇచ్చటి రూక రోమునకును, యెరూషలేమునకును పంపుట న్యాయమా?" యని యడుగవచ్చును. ఈ ప్రశ్న మమ్మును చాలకాలము బాధించినది.

కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు, మంత్రాలయము ప్రాంతములనుండియు, ఆదోని చుట్టుపట్ల పల్లెలనుండియు వందలకొలది కుటుంబములు సంక్రాంతి ముందు వెనుకలలో గుంటూరు మిరపకోతలకు వలసపోవును. చేనిలో గుడిసె వైచికొని వేసవివఱకు నుందురు. పిల్లలను వెంట గొనిపోవుదురు. మా వారి బడిలో జనవరి తరువాత బల్లలు ఖాళీయగుట మేమేటేట జూచుచున్నదే. తపఃకాలపు కానుక పట్టునది సరిగా ఈ దినములలోనే.

ఒక యేడు విభూతి బుధవారమైన నాలుగవనాడు తొమ్మిదేండ్ల పిల్లయొకతె తన అట్టడబ్బా తెచ్చి మాచేతికిచ్చెను. తెల్లవాఱిన తల్లిదండ్రులతో గుంటూరు బోవుచున్నదట. "చేనుకాడ గుడిసెలో యాడన్నా పోతాదమ్మా, మీ ఇంట్లో పెట్టుకోండి" అనెను. కదపగా నాలుగైదు నాణెములు చప్పుడాయెను. ముసలి అవ్వయు, చిన్నతమ్ముడును ఇంటనే నిలిచిరి.

ఆ రాత్రి మేము మా వారితో, "ఆకలి తీర్చుటకని పెట్టిన డబ్బా యిది. ఆ యాకలి ఈ పిల్లయింటనే యున్నది. దీనికి మఱికొంత చేర్చి ఆ యవ్వకే యిచ్చిన తప్పేమి?" అంటిమి. వారు కొంతసేపూరకుండి, "అవ్వకు మనమేమైన నీయవచ్చును. ఆ డబ్బా మాత్రము ఆ పిల్ల యిచ్చినది. దానిని త్రిప్పి యిచ్చితిమా, నీవు పుచ్చుకొనుటకే కాని యిచ్చుటకు తగవని దానితో జెప్పినట్లగును" అనిరి.

మాకు భారతాశ్వమేధపర్వములోని ముంగిస కథ జ్ఞప్తికి వచ్చెను. కరువు కాలమున ఉంఛవృత్తితో బ్రదుకు బ్రాహ్మణుని యింట నలుగురికి దొరికినది కొంచెపు పేలపిండి. అతిథి వచ్చెను. ఇంటి యజమాని తన పాలు పెట్టెను, చాలలేదు. భార్య తన పాలు తెచ్చెను. పిమ్మట కొడుకు తెచ్చెను. కడపట కోడలు తెచ్చినపుడు, ఆకొని చిక్కియున్న నీ పాలు నేనెట్లు గొందునని మామగారు వెనుదీసిరి. ఆ చిన్నది మాత్రము తన పాలు గూడ గైకొనవలెనని వేడి, ఒప్పించి యిచ్చెను. ధర్మరాజు యజ్ఞమునకు బంగారము గాని ముంగిస మేను ఆ పిండిరేణువులకు సగము బంగారమైనది. బాల్యమున మా తండ్రిగారు ఈ కథ చెప్పునపుడు మా కన్ను అతిథిమీద నుండెడిది. ఇప్పుడు ఆ కోడలి వేడుకోలుమీద నిలిచినది. లేనివారికిని ఇచ్చు హక్కు గలదు. యెరూషలేము గుడిలో రెండు చిన్నకాసులు వేసిన విధవరాలిని ప్రభువు మెచ్చుకొనెనే కాని, నీకేల యీ దానమని వారింపలేదు.

డబ్బా మ్రానికొమ్మల ఆదివారమున గుడికి చేరినది. అవ్వకొఱకు వేఱొక యేర్పాటు చేసితిమి. మా వీధిలో ఐదిండ్ల స్త్రీలము కూడి, ప్రొద్దున జొన్నలు విసరించునపుడో, అన్నమునకు బియ్యము కొలుచునపుడో పిడికెడు తీసి వేఱొక కుండలో నుంచుకొంటిమి. అందొకరు ముసల్మాను సోదరి. తమ జకాతు ఎవరికీయవలెనో తమ వేదమున నియమించియున్నదనియు, ఈ పిడికెడు దానికి వెలుపలనుండి తీసెదననియు ఆమె చెప్పెను. ముడుపును ముడుపుతో కలుపరాదను ధర్మము వారిలోను గలదని యెఱిగి మేము మిక్కిలి యానందించితిమి. వారమునకొకసారి ఆ కుండ అవ్వ యింటికి పోయెడిది. ఆ బాలుడు బడి మానలేదు.

శ్రమల శుక్రవారమున అవ్వ మా ప్రక్కనే కూర్చుండెను. సంచి వచ్చుచుండగా, "ఈపొద్దు సంచి యాడికి పోతాదమ్మా?" యని మెల్లగా నడిగెను. యెరూషలేమునకంటిమి. "ఆడ గూడ కరువేనా అమ్మా?" యనెను. అచ్చట 2023 అక్టోబరునుండి సంభవించిన యుద్ధమును గూర్చియు, గాజా పట్టణమున తిరుకుటుంబ దేవాలయములో వందలకొలది జనులు బిడ్డలతో తలదాచుకొన్న సంగతియు రెండు మాటలలో జెప్పితిమి. అవ్వ మఱేమియు ననక కొంగుముడి విప్పి ఐదు రూపాయల బిళ్ల వైచెను. వలస యననేమో, గుడిసెలో బిడ్డల నిద్ర యననేమో ఆమెకు మేము బోధింపనక్కఱలేదు.

దూరపువారికి పెట్టినది ఊరకపోదనుటకు మన జిల్లా చరిత్రయే సాక్షి. 1876నుండి 1878వఱకు నుండిన ధాత కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను తుడిచిపెట్టినది. నాడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది; 1953లో కర్నూలు జిల్లాలో చేరినది. ఆ కరువునకై 1877లో లండను నగర మేయరు తెఱచిన నిధికి, ఆదోని యెచ్చటనున్నదో యెఱుగని జనులు కాసులు వేసిరి. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలును, మంత్రాలయమును ముంచినపుడు, ఏడాదియంతయు ఇచ్చుచుండిన మనమే చేయి సాచితిమి. దేశము నలుమూలలనుండియు సాయము వచ్చినది. ఇచ్చుచేయి, పుచ్చుకొనుచేయి యని రెండు జాతులు లేవు. ఒకే చేయి ఒకయేడు క్రిందుమీదగును.

అయినను చెప్పవలసిన మాట యొకటి మిగిలియున్నది. ముడుపు పవిత్రమైనచో దాని లెక్కయు పవిత్రమే. పేరు చెప్పనక్కఱలేని యొక గ్రామమున, రెండేండ్లపాటు ప్రత్యేకపు కానుకల లెక్క ఎవరును చదివి వినిపింపలేదు. ఎవరును దొంగిలిరని మేమనము. కాని అడిగిన స్త్రీలకు, "దేవునికిచ్చినదానికి లెక్క యడుగుదురా?" యను గద్దింపే సమాధానమైనది. మూడవయేడు సంచి తేలికయైనది. పిమ్మట వచ్చిన పెద్దలు ఏ దినపు కానుక ఎంత, ఎచ్చటికి పంపిరి, ఎప్పుడు పంపిరి యని కాగితము వ్రాసి గుడి తలుపునకంటింపగా, ఆ స్త్రీలే మరల కొంగుముడులు విప్పిరి.

లెక్క యడుగుట భక్తిలోపము కాదు; అది శ్రీసభ ధర్మమే. 1983లో వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్రమున 1266వ సూత్రము ప్రత్యేకపు కానుకలను పట్టుమని యాజ్ఞాపించు అధికారము మేత్రాణులకిచ్చి, ఆ సొమ్ము జాగ్రత్తగా మేత్రాసనమునకు పంపవలెనని శాసించుచున్నది. 1267వ సూత్రము, విశ్వాసులు ఏ కార్యమునకై యిచ్చిరో ఆ కార్యమునకే వెచ్చింపవలెనని చెప్పుచున్నది. మన యవ్వలు పసుపుగుడ్డలో కట్టిన ధర్మమే అది! 1287వ సూత్రము, విశ్వాసులిచ్చినదానికి విశ్వాసులకు లెక్క చెప్పవలెననుచున్నది. 537వ సూత్రము ప్రతి విచారణకును ఆర్థికసభ యుండవలెనని విధించుచున్నది; అందు స్త్రీలు సభ్యులుగా నుండుటకు అడ్డమేమియు లేదు.

పౌలీను జారికో కడపటి దినములును ఈ పాఠమునే నేర్పుచున్నవి. పనివారికి మేలుచేయు కర్మాగారమొకటి నడుపనెంచి, ఆమె స్వంతసొమ్మును, పేదలు నమ్మి యిచ్చిన సొమ్మును వినియోగించెను. నడుపుటకు కుదిరినవారు మోసగించిరి. అంతయు మునిగినది. ఆ పేదల ఋణము తీర్చుటకై ఆమె యేండ్లతరబడి ఇల్లిల్లు తిరిగి, 1862 జనవరి 9న కటికదారిద్ర్యమున కన్నుమూసెను. 2022 మే 22న లియోనులో ఆమెను ధన్యురాలిగా ప్రకటించిరి. లోకపు కానుకకు తల్లియైన యామె ఒక్కొక్క కాసును తీర్పవలసిన ఋణముగా నెంచెనను మాట, సొమ్ము చేతబట్టు ప్రతివారును స్మరింపదగినది.

కావున సోదరీమణులకు మా విన్నపము. ఏడాది మొదటనే ప్రత్యేకపు కానుకల దినములు గోడపంచాంగమున గుర్తువేసికొనుడు. ముందు వారమే కొంచెము తీసి వేఱుగా నుంచుడు. సంచి యెదుట తడుముకొని వేసినది ముడుపు కానేరదు. పనిమనిషి జీతము నిలిపి, కూరలమ్ముదానియొద్ద బేరమాడి మిగిల్చినది దానమని భ్రమపడకుడు. ఈ రూక యెచ్చటికి పోవుచున్నదో పిల్లలకు చెప్పి వారిచేతనే వేయించుడు. లెక్క వినిపించినపుడు శ్రద్ధగా వినుడు. వినిపింపనిచో నెమ్మదిగా, మానక యడుగుడు. ఇంటి ముందటి యాకలికి పిడికెడు గింజల కుండను వేఱుగా నిలుపుడు. దానిని చూపి ముడుపు మానరాదు. ముడుపును చూపి కుండ మానరాదు. రెంటికిని చాలునంత మన వంటయిండ్లలో నున్నదని, లేమిలో బ్రదుకు ఆ యవ్వ కొంగుముడియే మాకు దెలిపినది.